తెప్ప దగ్గర ఆగని ఓడలు

గ్రేటర్ నోయిడాలో ఓడలు నడపడం నేర్పే కాలేజీ ఒకటి ఉందనీ, అందులో నేను లైబ్రరీ చూస్తాననీ చెబితే మా అమ్మ నమ్మలేదు. "అక్కడ కనీసం చెరువైనా ఉందా ఛాయా?" అని అడిగింది. లేదు. చుట్టూ ఆవాల చేలు, ఇంజనీరింగు కాలేజీలు, సగం కట్టి ఆపేసిన భవనాలు. మా పిల్లలు తెల్ల యూనిఫారాలు వేసుకుని ఆ దుమ్ములోనే కవాతు చేసేవారు. సముద్రం వాళ్ళకి గోడమీది పటంలో కనబడేది, లేదంటే బసవపున్నయ్య గారి గదిలో కనబడేది.

ఆ గది మేడమెట్ల పక్కన ఉండేది. అందులో ఆరు పాత కంప్యూటర్లు. బసవపున్నయ్య గారు దానికి ల్యాబ్ అసిస్టెంటు. నిజాంపట్నం దగ్గర పల్లె ఆయనది. పదో తరగతి కాగానే నేవీలో చేరి పదిహేనేళ్ళు రాడార్ ముందు కూర్చున్నారు. తెరమీద చుక్క కనబడితే దాన్ని పెద్ద కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టి పైఅధికారికి చెప్పడం ఆయన పని. భార్య సరోజ గారికి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. అందుకని నేవీ నుంచి బయటికొచ్చాక ఇటు వచ్చి, నోయిడాలో ఇల్లు తీసుకున్నారు. మేమిద్దరం సెక్టార్ ముప్పై ఏడు స్టాపులో ఒకే బస్సెక్కేవాళ్ళం. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని.

ఓసారి బస్సులో ఆయన చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తు. కొత్తగా నేవీలో చేరిన రోజుల్లో తెరమీద చిన్న చుక్క ఒకటి కనబడిందట. ఈయన మనిషేమోనని చెప్పారు. అంత పెద్ద ఓడనీ వెనక్కి తిప్పారు. తీరా చూస్తే ఖాళీ నూనె పీపా.

"తిట్టారా అన్నయ్యగారూ?"

"లేదమ్మా. మా ఆఫీసరు నా భుజం తట్టి, ‘పీపా అని దగ్గరికెళ్ళాక కదా తెలిసింది. రేపు కూడా ఇలాగే చెప్పు’ అన్నాడు. మహానుభావుడు. ఆ ఒక్క మాటతో పదిహేనేళ్ళు పనిచేశాను."

మా కాలేజీలో అసలైన శిక్షణ యంత్రం లేదు. దాని ఖరీదు మా బోటివాళ్ళకి అందేది కాదు. అందుకని బసవపున్నయ్య గారు బజారులో దొరికే ఒక యుద్ధనౌకల ఆట తెచ్చారు. అందులో శత్రువుల్నీ, టార్పెడోల్నీ ఒక్కొక్కటిగా తీసేసి, రాకపోకలు మాత్రం మిగిల్చారు. కుర్రాడు ఒక ఓడ నడుపుతాడు. మిగతా ఆరు ఓడల్ని కంప్యూటరే నడుపుతుంది. ఎదురు రావడం, తప్పుకోవడం, పొగమంచులో నెమ్మదించడం, ఇవన్నీ ఆ గదిలోనే అలవాటయ్యేవి.

2006 అక్టోబరు మొదట్లో ఆయన ఒక కొత్త పాఠం పెట్టారు. దారిలో నారింజరంగు తెప్ప ఒకటి తేలుతూ ఉంటుంది. అందులో ఓడ మునిగి బతికి బయటపడ్డ నలుగురు మనుషులు. ఆ కుర్రాడు తన ఓడ ఆపి వాళ్ళని ఎక్కించుకోవాలి. మొదటి కుర్రాడే తెప్పని చూసి కూడా ఆగకుండా పోయాడు.

"ఏం నాయనా, కనబడలేదా?" అని హిందీలో అడిగారు బసవపున్నయ్య గారు.

"కనబడింది సర్. మిగతా ఆరు ఓడలూ ఆగలేదు కదా. నేనొక్కణ్ణే ఎందుకాగాలి?"

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ కుర్రాణ్ణి కోప్పడలేదు కూడా. "నువ్వన్నది నిజమే. తప్పు నీది కాదు, ఆ ఓడలది" అన్నారు. పుస్తకం ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డ నాకు ఆ మాట సూటిగా తగిలింది. పిల్లలు మనం చెప్పింది నేర్చుకోరు, పక్కవాడు చేసేది నేర్చుకుంటారు. మా తాతగారూ అదే అనేవారు.

ఈ సంగతి ప్రిన్సిపాలు కెప్టెన్ బక్షీ గారి చెవిన పడింది. ఆయన ముప్పై ఏళ్ళు సరుకు ఓడలు నడిపిన మనిషి. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఆఫీసులోకి పిలిచి, "పున్నయ్యాజీ, నవంబరు పదిహేనున తనిఖీ. మనుషులు మునిగిపోతుంటే పక్కనుంచి ఓడలు పోతున్నాయని ఆ అధికారి రాస్తే మన కాలేజీ పరువేమిటి? ఆ తెప్ప తీసెయ్యండి" అన్నారు.

"తీసెయ్యను సార్. ఓడలకి బుద్ధి చెబుతాను."

"వీడియో గేముకి బుద్ధా?"

"ఉంది సార్, రాసి ఉంది. మార్చి రాస్తాను."

బక్షీ గారు తలూపారు. "ఠీక్ హై. తనిఖీనాటికి ఓడలు ఆగితే గది ఉంటుంది. ఆగకపోతే కంప్యూటర్లు ఎత్తేసి అక్కడ లైఫ్‌జాకెట్లు పెట్టిస్తాను. మిమ్మల్ని స్టోర్సులో వేస్తాను. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

రాసి ఉంది అన్నది నిజమే. ఆ ఆటలో ఒక్కో రకం ఓడ ఎప్పుడేం చెయ్యాలో మామూలు అక్షరాల్లో ఒక ఫైలులో ఉంటుంది. నోట్‌ప్యాడులో తెరిస్తే చదువుకోవచ్చు. ఇంగ్లీషు ముక్కలే, కానీ ముక్తసరి ఇంగ్లీషు. ఇఫ్ ఇలాగైతే, దెన్ అలా చెయ్యి, చివర ఆ షరతు ముగిసిందని ఎండిఫ్. దాన్ని స్క్రిప్టు అంటారట. బసవపున్నయ్య గారు మాత్రం బుద్ధి ఫైలు అనేవారు. మా లైబ్రరీ ప్రింటరు మీద పదకొండు పేజీలు అచ్చు తీసిచ్చాను. ఆయన దాన్ని పారాయణ గ్రంథంలా అట్ట వేసుకుని, బస్సులో వేలు పెట్టి చదివేవారు.

పొద్దున్నే స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, సరోజ గారు కాఫీ కలిపేలోగా ఒక గంట రాసుకునేవారు. ముందు లాంగ్‌నోట్‌బుక్కులో పెన్సిలుతో, తర్వాతే కంప్యూటరులో. చివర ఒక్క ఎండిఫ్ మరిచిపోతే మొత్తం ఆటే ఆగిపోయేది. అలా మొదటి వారంలో తొమ్మిదిసార్లు ఆగింది. ఒక ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్తే సరోజ గారు వంటింట్లోంచి అన్నారు:

"చూడమ్మా ఛాయా, పెళ్ళాం గ్యాసు బండ మార్చమని పిలిస్తే ఈయన కదలరు. కంప్యూటరులో ఓడలు కదలడంలేదని మాత్రం బెంగ పెట్టుకుంటారు."

"కదలడం కాదే, ఆగడం."

"మీరు ఆగే ఉన్నారుగా, మిమ్మల్ని చూసి నేర్చుకోమనండి!"

ఆయన నవ్వుతూ లేచి వెళ్ళి బండ మార్చి వచ్చారు.

పదిహేను రోజులకి మొదటి బుద్ధి తయారైంది. తెప్ప కనబడితే తెప్పవైపు తిరుగు, దగ్గరికి చేరు, ఆగు. అంతే. నన్నూ, అటెండరు పాపయ్యనీ పిలిచి చూపించారు. ఆట మొదలైంది. ఒక ఓడ తిరిగింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. రెండోదీ తిరిగింది. మూడోదీ తిరిగింది. ఆరు ఓడలూ ఆరు దిక్కులనుంచి తెప్ప మీదకి వచ్చిపడ్డాయి. రెండు గుద్దుకున్నాయి. ఒకటి తెప్పమీదినుంచే పోయింది. సరిగ్గా అప్పుడే బక్షీ గారు గుమ్మంలోకి వచ్చారు.

"ఇది రెస్క్యూనా పున్నయ్యాజీ, సాయంత్రం ట్రాఫిక్ జామైన ఐటీఓ చౌరస్తానా?"

పాపయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బసవపున్నయ్య గారి మొహం వాడిపోయింది. కెప్టెన్ గారు వెళ్ళాక మెల్లగా నాతో అన్నారు. "మా ఊళ్ళో కేక వినబడితే ఎవరూ ఆలోచించరమ్మా. చేతిలో ముద్ద వదిలేసి అందరం పరిగెత్తుతాం. ఓడలకీ అదే రాశాను. మా ఊరి మనుషులు పక్కకి తప్పుకోగలరు. ఓడ తప్పుకోలేదుగా."

మరి ఒక్కటే వెళ్ళాలి. ఏది వెళ్ళాలి? దగ్గరున్నది. అయితే తానే దగ్గరున్నానని ఓడకెలా తెలుస్తుంది? ఇంటర్నెట్టులో ఈ ఆట ఫైళ్ళు మార్చేవాళ్ళు కబుర్లాడుకునే చోటు ఒకటుంది. ఆయన అక్కడ ఒక ఉత్తరం పెట్టారు. "గౌరవనీయులైన అయ్యలకు నమస్కరించి" అన్నట్టే ఇంగ్లీషులో మొదలుపెట్టి, కింద పేరు, హోదా, కాలేజీ చిరునామా, పిన్‌కోడుతో సహా రాశారు. అక్కడివాళ్ళు మొదట ఆటపట్టించారు. ఒకడు ఈయనకి ‘రెస్పెక్టెడ్ సర్’ అని పేరే పెట్టేశాడు. కానీ నార్వేలో ఎవరో ముసలాయన ఓపిగ్గా జవాబు రాశాడు. ఈ భాషలో ఒక ఓడ ఇంకో ఓడతో మాట్లాడలేదు, దేని ఫైలు దానిదే, పక్కవాటిని చూడగలదు అంతే, అని. చివర్లో, మీ తెప్పలోవాళ్ళు క్షేమంగా ఒడ్డు చేరాలని కోరుకుంటున్నాను, అని కూడా రాశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి! ఆ జవాబు అచ్చు తీసుకుని ఆయన చాలాసార్లు చదువుకున్నారు.

"మాట్లాడుకోకుండా ఎలా తేల్చుకుంటాయి చెల్లెమ్మా? ఇన్ని రోజులూ కాళ్ళరిగేలా తిరిగి గోడ దగ్గరికొచ్చాను" అన్నారు మర్నాడు బస్సులో.

"భగవంతుడు చూపిస్తాడు అన్నయ్యగారూ."

"చూపిస్తాడు. మనం కళ్ళు తెరిచి కూర్చోవాలి."

ఇలా పది రోజులు గడిచాయి. నవంబరు రెండోవారం వచ్చేసింది. మేం దిగే పరీ చౌక్ ఇంకో నాలుగు స్టాపులుందనగా ఒక ముసలమ్మ మూటతో బస్సెక్కింది. ముందు సీటులోంచి ఒకాయన లేచాడు. మధ్యలోంచి ఇంకొకాయనా అదే క్షణంలో లేచాడు. ఒకరినొకరు చూసుకున్నారు. అతనిస్తున్నాడులే అని ఇతను, ఇతనిస్తున్నాడులే అని అతను, ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు. ముసలమ్మ నిలబడే ఉంది. బస్సంతా నవ్వింది. "అరే భాయ్, ఎవరో ఒకరు లేవండి, మాతాజీ నిలబడింది!" అని అరిచాడు కండక్టరు. పక్కనే ఉన్న ముందుసీటాయన వెంటనే లేచాడు. మధ్యలో ఆయన ఒక్క క్షణం ఆలస్యంగా లేవబోయి, ముందాయన లేవడం చూసి, సగంలో ఆగి కూర్చున్నాడు. ముసలమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని "జీతే రహో బేటా" అంది.

నేను ముందుసీటాయన మంచితనాన్నే చూస్తున్నాను. బసవపున్నయ్య గారు మధ్యలో ఆయన్ని చూస్తున్నారు.

"చూశావా చెల్లెమ్మా! మాట్లాడుకోలేదు వాళ్ళు."

"ఎవరు?"

"దగ్గరున్నవాడు ముందు లేచాడు. దూరాన ఉన్నవాడు కొంచెం ఆగి, లేచినవాణ్ణి చూసి కూర్చున్నాడు. దూరం ఎంతో అంతసేపు ఆగాలి, అంతే! పెన్సిలుందా?"

నా దగ్గరున్న లైబ్రరీ పెన్సిలు ఇచ్చాను. టికెట్టు వెనక రాసుకున్నారు. తెప్ప కనబడగానే ప్రతి ఓడా కొంతసేపు ఆగుతుంది. మైలు దూరంలో ఉంటే ఒక నిమిషం, ఐదు మైళ్ళుంటే ఐదు నిమిషాలు. ఆ గడువు కాగానే తెప్ప చుట్టూ చూస్తుంది. అప్పటికే ఏదైనా ఓడ అటు తిరిగి గానీ, అక్కడ నెమ్మదించి గానీ ఉంటే, అది సాయానికి వెళ్ళినట్టు లెక్క. తాను దూరంగా ఉండిపోతుంది. ఎవరూ లేకపోతే తాను వెళ్తుంది.

ఆ మధ్యాహ్నం భోజనం మానేసి అది ఫైలులోకి ఎక్కించారు. పాపయ్య తన డబ్బాలోంచి రెండు రొట్టెలు తీసి, అడక్కుండానే కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళాడు. మూడు గంటలకి ఆట నడిపారు. అన్నిటికంటే దగ్గరున్న పాత బొగ్గు ఓడ ముందు తిరిగింది. తెప్ప పక్కకి చేరి ఆగింది. తక్కిన ఐదూ తమ గడువయ్యాక చూసి, పక్కకి తప్పుకుని, దూరంగా నిలబడ్డాయి. అలా ఇరవైసార్లు నడిపారు, తెప్పని ఇరవై చోట్ల పెట్టి. ఇరవైసార్లూ ఒకటే ఓడ వెళ్ళింది. బక్షీ గారు కూడా వచ్చి చూసి, "అచ్ఛా" అన్నారు. ఆయన నోట అదే పెద్ద మెప్పు.

పదిహేనో తారీకున తనిఖీ అధికారి సేన్‌గుప్తా గారు వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో టీకప్పు. క్లాసురూములు, వంటగది, అన్నీ చూసి చివరికి మెట్ల పక్క గదికి వచ్చారు. బక్షీ గారు కుర్రాడిచేత నడిపిద్దామనుకున్నారు. అధికారి మాత్రం కుర్చీ లాక్కుని తానే కూర్చున్నారు.

"నేనే నడుపుతాను. ఎవరూ చెయ్యి పెట్టకండి."

ఆట మొదలైంది. తెప్ప ఆయన ఓడకే దగ్గరగా వచ్చింది. ఆయన వేగం తగ్గించి తెప్పకి కొంచెం దూరంలో ఓడ ఆపేశారు. ఎక్కించుకోలేదు. చేతులు కట్టుకుని తెరవైపు చూస్తూ టీ తాగడం మొదలుపెట్టారు. కంప్యూటరు ఓడలు ఒక్కొక్కటే గడువు ముగిసి, చుట్టూ చూసి, అక్కడ నెమ్మదించిన ఓడ ఒకటి ఉంది కదా అని ఆగిపోయాయి. అన్నీ ఆగి ఉన్నాయి. తెప్ప అలాగే తేలుతోంది. పాఠానికి ఇరవై నిమిషాల గడువు, ఆలోగా ఎవరూ ఎక్కించుకోకపోతే తెప్పలోవాళ్ళు పోయినట్టే. పద్దెనిమిదయింది. పంతొమ్మిదయింది. మొత్తం ఏడు ఓడలు చుట్టూ నిలబడి ఉండగా తెప్పలోని నలుగురూ పోయారు.

 

"చూశారా కెప్టెన్," అన్నారు సేన్‌గుప్తా గారు కప్పు కింద పెట్టి. "నేను ముప్పై ఏళ్ళలో సముద్రం మీద నిజంగా చూసింది ఇదే. అందరూ ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటారు. మీ ఆట ఆ తప్పే నేర్పుతోంది."

బక్షీ గారు బసవపున్నయ్య గారి వైపు తిరిగారు. కళ్ళల్లో లైఫ్‌జాకెట్ల స్టోరు కనిపిస్తూనే ఉంది. బసవపున్నయ్య గారు చేతులు కట్టుకుని ముందుకి వచ్చారు.

"తప్పు నాదే సార్. ఒకడు లేచాడని చూసి కూర్చోమన్నాను. లేచినవాడు సీటిచ్చాడో లేదో మళ్ళీ చూడమని రాయలేదు. పది నిమిషాలివ్వండి."

"తనిఖీలో పది నిమిషాలా?" అన్నారు బక్షీ గారు.

"తెప్పలోవాళ్ళకి ఇరవై నిమిషాలిచ్చాం కదా సార్. నాకు పది ఇవ్వండి."

సేన్‌గుప్తా గారు గడియారం చూసుకుని కుర్చీలోంచి లేచి పక్కకి జరిగారు. బసవపున్నయ్య గారు కూర్చున్నారు. నోట్‌బుక్కు తీయలేదు, పెన్సిలు అడగలేదు. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఏదో అనుకున్నారు, అదేమిటో నాకు తెలుసు, రోజూ బస్సెక్కేటప్పుడు కూడా అనుకునే నామమే. తర్వాత ఫైలు తెరిచి రెండు ముక్కలు చేర్చారు. దగ్గరికి ఒక ఓడ చేరి ఐదు నిమిషాలయినా తెప్ప అక్కడే ఉంటే, పక్కన ఎవరున్నా సరే, దగ్గరున్నవాళ్ళ వరసలో తర్వాతివాడు వెళ్ళాలి. వాడూ ఎక్కించుకోకపోతే, ఆ తర్వాతివాడు. ఎండిఫ్ రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.

"అయింది సార్. తమరే నడపండి. ఇందాకటిలాగే ఆపండి."

సేన్‌గుప్తా గారు మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ ఓడ ఆపి చేతులు కట్టుకున్నారు. ఒక నిమిషం, రెండు, ఐదు. ఆయన తర్వాత దగ్గరున్న పాత బొగ్గు ఓడ కదిలింది. నెమ్మదిగా అధికారి ఓడ చుట్టూ తిరిగి, దానికి గుద్దుకోకుండా, తెప్ప పక్కకి చేరి ఆగింది. తెప్ప మాయమైంది. నలుగురూ ఎక్కారు.

వెనకనుంచి కుర్రాళ్ళు ఒక్కసారి హో అని అరిచారు. బక్షీ గారు చెయ్యెత్తి ఆపారు.

"ఎంత చదువుకున్నారు మీరు?" అన్నారు సేన్‌గుప్తా గారు.

"టెంత్ సార్. మిగతాది నేవీలో."

అధికారి ఇంకోసారి ఆట మొదలుపెట్టమన్నారు. ఈసారి తెప్ప ఎడమపక్కన చాలా దూరంగా కనబడింది. మూడు ఓడలు ఆయనకంటే దగ్గరగా ఉన్నాయి. అయినా ఆయన టీకప్పు పాపయ్య చేతికిచ్చేసి, తానే ముందు చుక్కాని తిప్పారు. ఆయన అటు తిరగడం చూసి ఏ ఓడా అడ్డం రాలేదు. ఆయన వెళ్ళి తెప్ప పక్కన ఆగి నలుగురినీ ఎక్కించుకున్నారు.

లేచి, బక్షీ గారితో అన్నారు: "ఈ పాఠం ప్రతి బ్యాచికీ పెట్టండి. నా రిపోర్టులో రాస్తాను."

"తప్పకుండా సాబ్. పున్నయ్యాజీ, సోమవారం నుంచే టైంటేబుల్లో వేయిస్తాను."

"సోమవారం వద్దు సార్," అన్నారు బసవపున్నయ్య గారు, అప్పటికే ఫైలు మళ్ళీ తెరుస్తూ. "ఓడలన్నీ ఒకే దూరంలో ఉండి అందరికీ ఒకేసారి గడువు తీరితే ఏమవుతుందో ఇంకా చూడలేదు. బుధవారం నుంచి వేయించండి."